కొస జరిగిన రోడ్డు

మలాజ్, రియాద్
జనవరి, ఆదివారం

కుమార్‌కు,

నర్సింలు బావ రాసేది. ఈ ఉత్తరం ఇస్మాయిల్ భాయ్ చేతికి ఇస్తున్న. ఆయనది నిజామాబాద్. హాయిల్ నుంచి ఈడి మార్కెటుకు కూరగాయల లారీ నడుపుతడు. వారం వారం జైలుకు వచ్చి నిన్ను చూసిపోతనన్నడు. జవాబు రాసి ఆయనకే ఇయ్యి. ఫోన్ల నీ మాట సగమే ఇనవడుతున్నది, ఎన్కాల లైన్ల ఉన్నోళ్లు అరుస్తున్నరు. కాయితం మీదనైతే నిన్ను ఎవ్వలు తొందర పెట్టరు.

పోయిన శుక్రవారం పొద్దుగూకంగ పాత రోడ్డు మీద నీ పికప్ సిమెంటు దిమ్మెలకు గుద్దుకున్నదని, నీతోని ఉన్న లింబాద్రి ఆడనే పాణం ఇడిసిండని, బండి నేనే నడిపిన అని నువ్వు ఒప్పుకుంటే పోలీసులు తీసుకపోయిండ్రని, గింతే నాకు తెలిసింది. ఇది గూడ మీ తోట ఫోర్‌మెన్ చెప్పిండు. నువ్వు చెప్పింది కాదు.

మీ అక్క ప్రేమలత పూటకోసారి ఫోన్ చేస్తున్నది. నా తమ్ముడు ఎప్పుడు బయటికొస్తడు అని ఒకటే మాట. నాకు ఏం చెప్పాలెనో తెలుస్తలేదు. లింబాద్రి మన ఊరాయన, మన వాడాయన. మీ అమ్మ ఇంటి గడప కాడ నిలబడితే ఆయన భార్య పుష్ప ఇంటి గడప అగుపడ్తది. ఆ వాడల ఇప్పుడు ఎట్లున్నదో నువ్వే అనుకో.

నాకు ఒక్కటి సమజైతలేదు. ఇన్నేండ్ల సంది నువ్వు ఆ రోడ్డు మీదనే నడుపుతున్నవు. కొత్త హైవే తెరిచినంక ఆ పాత దాన్ని కొంచెం కొంచెం మూసుకుంట వస్తున్నరని, ఎదురుంగ ఒక బండి గూడ రాదని పోయినేడు నువ్వే చెప్పినవు. అసుంటి ఖాళీ రోడ్డు మీద ఎట్ల గుద్దినవు? ఫోన్ చూస్తున్నవా? కునుకు పట్టిందా? ఏదైన సరే, నాకు చెప్పు. తిట్టను.

నీ బావ,
నర్సింలు


హాయిల్ జైలు

బావకు నమస్తే,

నీ ఉత్తరం అందింది. ఇస్మాయిల్ భాయ్ సబ్బు, రెండు బనీన్లు తెచ్చిండు. ఈడ నాకు ఏం తక్కువ లేదు. అన్నం పెడుతున్నరు. నా రూంల ఒక నేపాలాయన ఉన్నడు, మాట తక్కువ, నాకు మంచిగయింది.

బండి నేనే నడిపిన. పోలీసులకు గదే చెప్పిన, నీకూ గదే చెప్తున్న.

ఎట్ల గుద్దినవంటివి. ఈ రోడ్డు మొదట్ల మా గోదుమ తోటల నుంచి పోయి పెద్ద రోడ్డుకు కలిసేది. కొత్త హైవే పడ్డంక దీని నంబరు తీసేసిండ్రు. ఒకేపారి మూసెయ్యలె. ముందుగాల కొత్త హైవే కాడ అడ్డంగ దిమ్మెలు పెట్టిండ్రు. కొన్ని నెలలకు అవే దిమ్మెలను క్రేనుతోని ఎత్తి పాత చెక్‌పోస్టు కాడికి తెచ్చిండ్రు. ఆ తర్వాత మూతబడ్డ పెట్రోలు పంపు కాడికి. మూసిన కాడ తారు గీకి ఎత్తుకపోతరు. అట్ల రోడ్డు కొస మా దిక్కు జరుగుకుంట వచ్చింది. ఆ శుక్రవారం దిమ్మెలు పంపు కాడ ఉండాలె. దిబ్బ ఎక్కి దిగంగనే ముంగటనే ఉన్నయి. ఒక బోర్డు లేదు, లైటు లేదు. పొద్దు సీదా కండ్లల్ల కొడుతుండె. బ్రేకు తొక్కిన. ఆగలె.

ఇంతకంటె చెప్పేదేం లేదు బావా. నా కోసం తిరుగకు. లింబన్న ఇంకా ఆస్పత్రిలనే ఉన్నడట. ఆయనను ఇంటికి పంపే కాయితాలు జెల్ది అయ్యేటట్టు చూడు. ముందు గది చెయ్యి.

పుష్ప వదినకు ఎవలు చెప్పిండ్రు? ఆమె కాడ ఎవలన్న ఉంటున్నరా?

కుమార్


మలాజ్, రియాద్
ఫిబ్రవరి

కుమార్‌కు,

లింబాద్రి మంగళవారం నాడు ఊరు చేరిండు. హైదరాబాదు ఎయిర్‌పోర్టు నుంచి అంబులెన్సుల తీసుకపోయిండ్రు. పుష్ప తోడికోడలు ఆమె కాడనే ఉంటున్నది. నువ్వడిగినవని చెప్తున్న.

తిరుగకు అన్నవు గాని నేను తిరిగిన. రెండు దినాలు సెలవు పెట్టి ఇస్మాయిల్ భాయ్ లారీల హాయిల్ వచ్చిన. జైల్ల ఆ దినం ములాఖాత్ లేదన్నరు, నిన్ను చూడలేకపోయిన. అటెన్క పాత రోడ్డు చూసినం.

కుమార్, అది రోడ్డేనా? తెల్ల గీతలు పోయినయి. నంబరు బోర్డు మీద నల్ల రంగు పూసిండ్రు. నా ఫోన్ల మ్యాపు తీస్తే రోడ్డు ఇంకా హైవే దాంక పోతున్నట్టే చూపెడుతున్నది. మీ తోట మలుపు కాడ బోర్డు మీద పెట్రోలు పంపు దాంక దారి ఉన్నదని రాసున్నదట, ఇస్మాయిల్ భాయ్ చదివి చెప్పిండు. దిమ్మెలు మాత్రం దిబ్బ కిందనే ఉన్నయి. ఒక్క రోడ్డుకు ఎన్ని కొసలు? ఆడ పంక్చరు దుకాణం పెట్టుకున్న పాకిస్తానీ ముసలాయనను అడిగిన. 'ఈ సడక్ ఆఖరి ఏడున్నదో సడక్‌కే ఎరుక లేదు భాయ్' అన్నడు. ఆ శుక్రవారం పొద్దుగాల క్రేను వచ్చి దిమ్మెలు జరిపిందని, సెలవు దినం ఇదేం పని అని తనే అనుకున్ననని చెప్పిండు.

అంటె తప్పు నీది కాదేమో. ఆ మాటతోని నా పాణం లేచొచ్చింది. మా బిల్డింగుల ధీరజ్ అని ఒక ఇంజనీరు ఉన్నడు, గుంటూరాయన, రోడ్ల కంపెనీల పనిచేస్తడు. ఏసీ రిపేరుకు పోతే పరిచయమైండు. రోడ్డు ఏ తారీఖున ఏడి దాంక మూసెయ్యాలెనో కాయితం ఉంటదట. చూసి చెప్తనన్నడు.

ఇంకొకటి. పోలీసుల యార్డుల నీ పికప్ ఉన్నది. కావలాయనను అడిగి దగ్గరికి పోయి చూసిన. ముంగటి భాగం మొత్తం నలిగింది. డ్రైవరు దిక్కు అద్దం మీద నెత్తురు ఉన్నది. డ్రైవరు సీటు ముంగటికి జరిపి ఉన్నది, స్టీరింగుకు ఆనేటంత దగ్గరికి. నేను కూసుండి చూసిన, నాకే మోకాళ్లు పట్టలె. నువ్వు నాకంటె జానెడు ఎత్తు ఉంటవు. లింబాద్రి పొట్టిగుంటడు.

నీ నెత్తికి గాయం లేదని ఇస్మాయిల్ భాయ్ చెప్పిండు.

నాకు నిజం చెప్పు.

నర్సింలు


హాయిల్ జైలు

నర్సింలు బావ గారికి,

సీటు గుద్దుడుకు జరిగి ఉంటది. లింబన్నను బయటికి గుంజంగ నెత్తురు అంటి ఉంటది. బండిని చూడమని నిన్ను ఎవలు పొమ్మన్నరు? నేను ఒప్పుకున్న కేసును నువ్వెందుకు కెలుకుతున్నవు?

రోడ్డు కాంట్రాక్టు కంపెనీ నుంచి ఒకాయన వచ్చిండు, ఎంబడి హిందీ తెలిసినోన్ని తెచ్చుకున్నడు. దిమ్మెలు ముందుగాల నుంచే ఆడ ఉన్నయని, నేనే జోరుగ వచ్చి చూడలేదని సంతకం పెడ్తే తమ దిక్కు నుంచి ఏం కేసు ఉండదట. జెల్ది ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపుతరట. మల్లొస్తనన్నడు. నేను పెడ్త.

ఇంజనీరును గిట్ల తిప్పకు. అక్కకు నేను బాగున్ననని చెప్పు. ఇగ నాకు ఉత్తరాలు రాయకున్నా నడుస్తది.

కుమార్


మలాజ్, రియాద్
ఫిబ్రవరి

కుమార్‌కు,

రాయకున్నా నడుస్తదని అన్నవు. నా పెండ్లి నాడు నువ్వు నిక్కరు ఏసుకోని నా ఎన్కాల ఎన్కాల తిరిగినవు. నన్ను గారు అని ఎప్పుడు పిలిచినవు? ఆ ఒక్క మాట చదివి నేను ఉత్తరం మడతపెట్టి డ్యూటీకి పోయిన. మాపటికి వచ్చినంక మిగిలింది చదివిన.

నీ నుంచి ఒక సంగతి దాచిన. ఇప్పుడు చెప్తున్న. లింబాద్రి దినాల నాడు పుష్ప మీ ఇంటి ముంగటికి వచ్చింది. వాడంతా ఉన్నది. 'నీ కొడుకు నా మొగన్ని చంపిండు. వాడు మాత్రం మంచిగ ఉన్నడు' అని మీ అమ్మ మీద మన్ను పోసింది. మీ అమ్మ మన్ను దులుపుకోని లోపలికి పోయింది. ఆ దినం సంది మీ ఇంటికి ఎవలు వస్తలేరు. మీ అక్క నల్లా కాడికి పోతె మిగతోళ్లు బిందెలు తీసుకోని పక్కకు జరుగుతున్నరట.

నువ్వు నడపలేదని నాకు నమ్మకం. నువ్వు నడపకుండ ఈ మాటలన్ని ఎవలి కోసం పడుతున్నవు? మీ అమ్మను ఎందుకు పడనిస్తున్నవు?

ధీరజ్ సారు కాయితం దొరకబట్టిండు. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్న. 'నర్సింలు గారూ, అప్రూవ్ అయిన ప్లాన్ ప్రకారం నెలాఖరు దాకా ఆ రోడ్డు పెట్రోలు పంపు వరకూ తెరిచే ఉండాలండి. దిబ్బ దగ్గర బ్లాకులు పెట్టడానికి ఆ రోజు ఎవరికీ పర్మిషన్ లేదు. క్రేన్ వేరే సైటుకి పోవాల్సి ఉండి ముందే జరిపేసుంటారు. కానీ నా పేరు ఎక్కడా బయటికి రాకూడదండి, నాకూ ఉద్యోగం ఉంది కదా.' అంత భయపడుకుంట గూడ ట్రాఫిక్ పోలీసులకు పెట్టే అర్జీ అరబ్బీల ఆయనే రాయించి ఇచ్చిండు. ఇస్మాయిల్ భాయ్ హాయిల్‌ల ఇచ్చొచ్చిండు. విచారణకు ఒక అధికారి నీ కాడికి వస్తడు. దిమ్మెలు ఏడ అగుపడ్డయి, ఎంత జోరుగ ఉన్నవు, బ్రేకు ఎప్పుడు తొక్కినవు, అన్నీ అడుగుతడు. స్టీరింగు పట్టుకోనోడు వాటికి జవాబు ఎట్ల చెప్తడు? రెండో ప్రశ్నకే దొరికిపోతవు. అప్పుడు దిమ్మెల సంగతి గూడ అబద్ధమే అంటరు.

సంతకం పెట్టకు. ఆ దిమ్మెలు ఇంకా అట్లనే ఉన్నయి. పోయిన వారం ఒక పాల బండి ఆఖరి నిమిషంల పక్కకు తిప్పి ఇసుకల పడ్డదని పంక్చరు ముసలాయన ఇస్మాయిల్ భాయ్‌తోని అన్నడట. నీ సంతకంతోని ఆ దిమ్మెలు పెట్టినోళ్లు సేతులు కడుక్కుంటరు.

బావ


హాయిల్ జైలు

బావా,

అమ్మ మీద మన్ను పోసిందని చదివినంక నాకు అన్నం దిగలె. నేపాలాయన ప్లేటు ముంగట పెట్టుకోని నా మొకం చూసుకుంట కూసున్నడు.

నిజం రాస్తున్న. నువ్వొక్కనివే చదువు.

బండి లింబన్న నడిపిండు. నేను నేర్పుతున్న. ఆయన పని నీకు ఎరుకనే కదా, చేన్ల మీద గుండ్రంగ తిరిగే నీళ్ల పైపులకు గ్రీసు పెట్టుడు, ఎండల చలిల వాటి ఎంబడి నడుసుడు. నడుము పోయింది. రాత్రి పండుకోని లేవంగ మంచం పట్టీ పట్టుకోని లేచేటోడు. 'డ్రైవరు పని దొరికితె కూసోని బతుకుత కుమారు' అనేటోడు. నువ్వు నేర్పుతవా అని నన్ను అడిగెతందుకు ఆయనకు ఏడాది పట్టింది. వయసుల పెద్దోడు, సిగ్గుపడ్డడు.

హాయిల్ ఊర్ల నేర్పుదామంటె ఆడ పోలీసులు. పాత రోడ్డు ఒక్కటే ఖాళీ. శుక్రవారం శుక్రవారం మాపటీలి పోయేటోళ్లం. చెప్పులు ఇడిసి బండి ఎక్కేటోడు బావా, ఉత్త కాలికైతె బ్రేకు తెలుస్తదని. మొదటి దినం స్టీరింగును బర్రె కొమ్ములు పట్టినట్టు పట్టిండు. బండి ఎగిరెగిరి ఆగిపోయింది. ఇద్దరం నవ్వినం. ఆ మనిషి అట్ల నవ్వంగ నేను ఆ తోటల ఎప్పుడు చూడలె.

దిమ్మెలు జరుగుతుంటయని నాకు ఎరుకనే. అందుకని బండి ఆయనకు ఇచ్చే ముందు నేనొక్కన్నే కొస దాంక పోయి చూసొచ్చేటోన్ని. ఆ శుక్రవారం పోలేదు. నిన్ననే పంపు దగ్గరి గోదాముల గోదుమ బస్తాలు దింపి ఇద్దరం అదే తొవ్వల వచ్చినం, దిమ్మెలు పంపు కాడనే ఉన్నయి, మల్లెందుకు అనుకున్న. దిబ్బ ఎక్కంగ ఆయన మూడో గేర్ల ఉన్నడు. 'నాలుగు ఎయ్యి అన్నా, పంపు ఇంకా మస్తు దూరమున్నది' అని నేనే అన్న. ఎయ్యంగనే దిబ్బ దిగినం. ముంగట దిమ్మెలు. ఆయన బ్రేకు తొక్కిండు, నిజంగనే తొక్కిండు. స్టీరింగు నా దిక్కు తిప్పి దెబ్బ తన దిక్కు తీసుకున్నడు. అందుకే నేను ఉన్న.

బయటికి గుంజిన. పాణం లేదు. రోడ్డు మీద పండవెట్టి, ఉత్త కాళ్లు చూసి, పోయి చెప్పులు తెచ్చి తొడిగిన. డ్రైవరు చెప్పులు ఇడిసి ఉన్నడంటె నేర్చుకునేటోడని పోలీసులకు తెలుస్తదేమో అనిపించింది. అప్పటికే నా మనసుల అబద్ధం తయారైంది.

పుష్ప వదిన తమ్ముడు ట్రాక్టరు నేర్చుకోబోయి దాని కిందనే పడి పోయిండు. ఆమెకు బండి అంటేనే భయమని, లైసెన్సు చేతికి వచ్చేదాంక ఆమెకు తెల్వద్దని లింబన్న నాతోని మాట తీసుకున్నడు. లైసెన్సు లేకుండ నడిపి తన చేతులార తనే పోయిండని ఆమెకు ఎట్ల చెప్పాలె? ఆ మాట చెప్తే ఆమె ఆయననే తిట్టుకుంటది. బతికున్నంత కాలం తిట్టుకుంటది. నన్ను తిట్టుకోనియ్యి. నేను బతికున్న కదా, పడ్త.

అందుకే సంతకం పెడ్తనన్న. కంపెనీ ఆయన బేస్తారం వస్తడు.

కుమార్


మలాజ్, రియాద్
మార్చి

కుమార్,

నువ్వొక్కనివే చదువు అన్నవు. నేను మాట తప్పిన. నీ ఉత్తరం వచ్చిన దినం పుష్పకు ఫోన్ చేసిన. కోపమొస్తె రానియ్యి, ముందు ఇది చదువు. ఇస్మాయిల్ భాయ్‌ని లారీ లేకున్నా బస్సుల పొమ్మన్న, బేస్తారం కంటె ముందే నీ చేతుల పడాలెనని.

'పుష్పా, ఒక సంగతి చెప్పాలె, కూసో' అన్న. అంతే, ఆమెనే అందుకున్నది. 'ఆయననే నడిపిండు కదన్నా' అన్నది.

'నీకెట్ల ఎరుక?' అన్న.

'నాకు దాచుడు ఆయనతోని అయ్యే పనా? మొదటి వారమే చెప్పిండు. కుమార్‌కు మాత్రం నాకు తెల్వదన్నట్టే ఉండు, మాట తీసుకున్న అన్నడు. నేను భయపడ్డ. అయినా ఆయన నడుము గుర్తుకొచ్చి, నేర్చుకో, జెర పైలం అన్న. నేర్చుకొమ్మన్నది నేనే అన్నా. కుమార్ నడిపిండని పోలీసులు రాసిండ్రని ఇన్నప్పుడు నాకు నమ్మకం కాలె. శుక్రవారం మాపటీలి స్టీరింగు ఎవలి చేతుల ఉంటదో నాకు ఎరుకనే. అయినా అట్లనే ఉండనీ అనుకున్న. కుమార్ చంపిండు అంటె, నేను చంపలె అని కదా. అందుకే ఆ ముసలామె మీద మన్ను పోసిన.'

తర్వాత ఆమెనే చెప్పింది. గుద్దుకున్నదానికి ముందటి దినం, బేస్తారం నాడు, మీరిద్దరు బస్తాలు దింపి వచ్చేటప్పుడు నువ్వు టైరు చూసెతందుకు దిగినవట. ఆయన డ్రైవరు సీట్లకు జరిగి ఫోన్ ముంగట పెట్టుకోని చిన్న వీడియో తీసి ఆమెకు పంపిండట. స్టీరింగు పట్టుకోని నవ్వుకుంట. ఎన్కాల అద్దంలకెల్లి పెట్రోలు పంపు, దాని ముంగట దిమ్మెలు సాఫుగ అగుపడుతున్నయట.

'అది చూపెడ్తే కుమార్ బయటికి వస్తడా?' అని అడిగింది.

'రావచ్చు' అన్న.

'ఆయన మీద తప్పు రాస్తరా?'

'కొంత రాస్తరు పుష్పా. లైసెన్సు లేదు కదా.'

'రేపు చెప్త' అని పెట్టేసింది.

తెల్లారి మీ అక్క ఫోన్ చేసింది, ఏడుసుకుంట. పుష్ప మల్ల మీ ఇంటి ముంగటికి వచ్చిందట. మల్లేం చేస్తదో అని వాడంతా జమైందట. ఆమె మీ అమ్మ పక్కన అరుగు మీద కూసోని ఫోన్ తీసి వీడియో చూపెట్టిందట. 'కుమార్ నడపలె. మా ఆయన నడిపిండు. నేర్చుకొమ్మని నేను చెప్పిన' అని అందరు ఇనేటట్టు చెప్పిందట. వీడియో నాకు గూడ పంపింది. ధీరజ్ సారుకు చూపెట్టిన. రెండుసార్లు చూసి కండ్లద్దాలు తుడుసుకున్నడు.

సంతకం పెట్టకు. అధికారి వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాలుగో గేరు సంగతి గూడ చెప్పు. లేకుంటె అది నీ లోపల కూసుంటది.

బావ


హాయిల్ జైలు
ఏప్రిల్

బావకు నమస్తే,

కోపం రాలె. వచ్చిందనుకున్న గాని, ఉత్తరం రెండోసారి చదివినంక అది ఏడ్పని తెలిసింది.

కంపెనీ ఆయన బేస్తారం వచ్చిండు. పెట్టనన్న. పెన్ను జేబుల పెట్టుకోని, నీ ఇష్టం, ఎండకాలం గూడ ఈడనే గడుపు అన్నడు.

ఆ తర్వాత అధికారి వచ్చిండు. సౌదీ ఆయన, చిన్న వయసు. అన్నీ చెప్పిన. ఎందుకు అబద్ధమాడినవు అన్నడు. చచ్చిపోయినోని మీద తప్పు పడొద్దని అన్న. తర్జుమా చేసేటాయన అది అరబ్బీల చెప్పంగ, అధికారి రాసుడు ఆపి నా దిక్కు చూసిండు. నాలుగో గేరు ఎయ్యమన్నది నేనే అని చెప్తే అదీ రాసుకున్నడు. అదే దినం రోడ్డు కాడికి పోయి కొలతలు తీసుకున్నరట. తెల్లారి దిమ్మెల ముంగట లైట్లు, పెద్ద బోర్డు పెట్టిండ్రట. ఇస్మాయిల్ భాయ్ చూసొచ్చి చెప్పిండు. ఇప్పుడు పెట్టిండ్రు.

తప్పు పంచిండ్రు బావా. ఎక్కువ భాగం కాంట్రాక్టు కంపెనీ మీద, కొంత లింబన్న మీద, కొంత నా మీద. కంపెనీ ఒప్పుకుంటలేదు, పై కోర్టుకు పోయింది. అది ఎప్పుడు తెగుతదో ఎవలకు తెల్వదు. లైసెన్సు లేనోనికి బండి ఇచ్చినందుకు, పోలీసులకు అబద్ధం చెప్పినందుకు నాకు శిక్ష పడ్డది. ఈడ ఉన్న దినాలు అందులకే లెక్క కట్టిండ్రు. బయటికి ఇడుస్తరు గాని తోటకు కాదు, సీదా ఇంటికి. మల్ల ఈ దేశం రానియ్యరట.

బండి నడుపుడు తప్ప నాకు వేరే పని రాదు. ఇంటికి పోయి ఏం చేస్తనో తెల్వదు. స్టీరింగు ముంగట కూసుంటె పాదం దానంతట అదే బ్రేకు మీదికి పోతదేమో అనిపిస్తున్నది.

ధీరజ్ సారుకు నా నమస్తే చెప్పు. ఆయన పేరు ఏడా రాలె.

కుమార్


మలాజ్, రియాద్
మే

కుమార్,

నువ్వు విమానం ఎక్కిన దినం నేను ఎయిర్‌పోర్టుకు వచ్చిన గాని నిన్ను లోపటి నుంచే తీసుకపోయిండ్రు. గాజు అద్దం అవతల ఎవలో పొడుగాయన పోతుంటె నువ్వే అనుకోని చెయ్యి ఊపిన. నువ్వు కాదు.

ఈ ఉత్తరం ఇంటి అడ్రసుకు పోస్టుల వేస్తున్న. ఫోన్ ఉన్నది కదా అంటవు. మనిద్దరికి ఇట్లనే అలవాటైంది. ఫోన్ల నువ్వు మల్ల 'బాగున్న బావా' అనే అంటవు.

ఊరు చేరినంక పుష్పను కలిసిండా అని మీ అక్కను అడిగిన. ఇంట్లకెల్లి బయటికే వస్తలేడు అన్నది. పుష్ప నీ గురించి ఇద్దరు ముగ్గురిని అడిగిందట. పోరా. ఏమన్నా అంటె అననియ్యి.

బావ


కోరుట్ల దగ్గరి ఊరు
జులై

బావకు నమస్తే,

పోయిన. నీ ఉత్తరం వచ్చినంక గూడ చాల దినాలకు పోయిన. ఆ నాలుగడుగులకు నాకు ఇన్ని దినాలు పట్టింది.

పుష్ప వదిన బీడీలు చుడుతున్నది. నన్ను చూసి లేవలె. చాట ఒడిల అట్లనే ఉన్నది. గోడకు ఆనిచ్చిన కుర్సీ చూపెట్టింది. నేను కింద కూసున్న. కత్తెరతోని ఆకు కోసుకుంటనే, 'సన్నగైనవు' అన్నది.

నేను రాసుకోని పోయినట్టు మనసుల అనుకున్న మాటలన్ని చెప్పిన. ఆ దినం ముందుగాల కొస చూసి రాలేదని, పంపు దూరమున్నది నాలుగు ఎయ్యి అన్నది నేనే అని.

ఆమె ఇన్నది. 'అది నర్సింలన్న చెప్పిండు. ఆ మాట ఇంకోసారి నా ముంగట అనకు' అన్నది. కోపంగ అన్నదా, ఇగ పోనియ్యి అని అన్నదా, ఇప్పటికీ నాకు సమజ్ కాలె. క్షమించిన అనలె. నేను గూడ అడగలె.

లేద్దామని చెయ్యి నేల మీద ఆనిస్తుంటె, 'ఆగు' అన్నది. 'మంచిగ నడిపేటోడా?'

'మంచిగ నడిపేటోడు వదినా. మొదట్ల భయపడ్డడు. ఆఖరికి నాకంటె మెత్తగ గేరు మార్చేటోడు.'

'ఆ దినం ఏమన్నడు? దిబ్బ ఎక్కకముందు. ఏమన్న మాట్లాడుకున్నరా?'

ఆ ప్రశ్న ఇన్ని నెలల్ల నన్ను ఎవలు అడగలె బావా. పోలీసులు అడగలె, అధికారి అడగలె, నువ్వు గూడ అడగలె. నేను గూడ ఆ మాటను ఎప్పుడు తీసి చూసుకోలె. ఆమె అడగంగనే అది నోట్లకు వచ్చింది.

'రోడ్డు దినదినం చిన్నగైతున్నదని నేను అన్న వదినా. ఆయన నవ్విండు. ఇగ ఈ రోడ్డు నాకు చాలుతలేదు కుమారు, అన్నడు. ఇంటికి పోయినంక పుష్పను ముంగటి సీట్ల కూసోవెట్టుకోని జగిత్యాల దాంక నేనే నడుపుత, అది కండ్లు మూసుకుంటది చూడు, అన్నడు.'

కత్తెర ఆగింది. వదిన తల వంచుకోని చాట దిక్కే చూస్తున్నది. ఒడిల ఆకులు అన్నీ జరిగి ఒక పక్కకు పడ్డయి.

'మల్ల చెప్పు' అన్నది.

మల్ల చెప్పిన.

కుమార్